ఆకు పక్కన చెయ్యి

పిట్టకు పెట్టే రోజుకు నేను చేయాల్సిన పనులు ఇవి. నల్లా వచ్చే వేళకు లేచి డ్రమ్ములన్నీ నింపుకోవాలి. ఇల్లు కడగాలి. పోయిన మా అత్త లింగవ్వకు ఇష్టమైనవన్నీ వండాలి, అంటే మక్కగట్క, పచ్చిపులుసు, కోడికూర, సర్వపిండి. ఊరి నుంచి బస్సు దిగి వచ్చినవాళ్లకు వచ్చినట్టు చాయ్ పెట్టాలి. ఆడబిడ్డ సంతోషికి షుగర్ కాబట్టి ఆమెకు వేరే గ్లాసు, వేరే రొట్టె. మా పాప హారతికి స్కూలుకు సెలవు చీటీ రాసి పంపాలి. ఇంటి వెనక వాడాలో, అంటే పెరట్లో, బట్టలుతికే బండ చుట్టూ పట్టిన పాకుడు గీకేయాలి, మగవాళ్లు జారిపడకుండా. స్టోన్లు అతికించడానికి, ఇంటింటికీ పని పంచే హంసాబెన్ ఇచ్చిన చీరల మూటలను చుట్టాలకు కనపడకుండా మంచం కిందికి తోయాలి. వీలు దొరికితే కాసేపు ఏడవాలి. అన్నిటికన్నా ముందు ఒక ఫోటో వెతకాలి, దండ వేయడానికి.

ఆ ఫోటో దగ్గరే పని ఆగిపోయింది.

మా ఆయన పరుశురాం గుమ్మంలో నిలబడి, చుట్టాలందరూ వింటుండగా అడిగాడు. "గిన్నేండ్లసంది పిట్టలయి, ఉడుతలయి, తొండలయి ఫోటోలు తీసుకుంట కూసుంటివి. అవ్వది ఒక్కటి లేదా నీ ఫోన్ల?"

నా చేతిలో చాయ్ గిన్నె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో కాసేపు తోచలేదు. ఆ వారం దాకా ఆ ఫోటోలు ఆయనవి. మిల్లులో అడిగితే ఆయనవి. అమ్మ ఫోటో దొరకనందుకు, అందరి ముందూ, అవి నావైపోయాయి.

ఇది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మాది సూరత్ నవాగామ్‌లో వరుస ఇళ్లలో ఒకటి. ముందు ఒక గది, మధ్యలో వంటగది, వెనక నాలుగు గోడల మధ్య వాడా. అందులో బండ, నల్లా, మిల్లు నుంచి తెచ్చిన రెండు పాత రంగు డ్రమ్ములు. ఒక డ్రమ్ములో నీళ్లు, ఇంకో దాంట్లో మట్టి పోసి మా అత్త పెంచిన బాదం మొక్క. గోడ అవతల రైలు పట్టాలు. ఇంతే మా పెరడు. మా నాన్న అంబదాస్ సూరత్‌లో మగ్గాల మీద పన్నెండు గంటల పాళీలు చేసి నన్ను బీకాం చదివించాడు. మా ఇంట్లో డిగ్రీ చేసిన మొదటిదాన్ని నేనే. పట్టా తీసుకున్న రోజు నాన్న ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకొని, తిరగేసి వెనకవైపు కూడా చూశాడు. పెళ్లయ్యాక నది అవతల అడాజన్‌లో ఒక ఆఫీసులో అకౌంట్ల పని దొరికింది. మా ఆయన వద్దనలేదు. "పో. కని నువ్వు అడాజన్ దాక పొయ్యి వచ్చేవరకు పొయ్యి ఎవలు ముట్టిస్తరో అది జెప్పి పో" అన్నాడు. ఆ ఆఫీసుకు నేను వెళ్లలేదు. అప్పటినుంచీ చీరల మూటలే నా ఆఫీసు. దారాలు కత్తిరించడం, స్టోన్లు అతికించడం. ఇంట్లో కూర్చొని చేస్తాం కాబట్టి అది పని కాదు. "ఇంట్లనే ఉంటది గద" అని అందరూ అంటారు.

ఆయన కొత్త ఫోన్ కొనుక్కున్నప్పుడు పాతది నాకు వచ్చింది. అద్దం మూలన పగిలింది, కానీ కెమెరా బాగుంది. మొదట తీసింది డ్రమ్ము అంచు మీద నీళ్లు తాగుతున్న ఉడుతను. ఎందుకు తీశానో తెలియదు. కుక్కర్ కూతలు లెక్కపెడుతూ తలుపులో నిలబడి ఉన్నాను, అది తల ఎత్తి నన్ను చూసింది, తీశాను. తర్వాత గోరింకల జంట. తర్వాత తడి బట్టల మీద వాలిన తూనీగ. తర్వాత పిట్టలు లేనప్పుడు కూడా, బండ మీద ఆరిపోతున్న నురగ, గోడ మీద హారతి చెప్పుల నీడ, రైలు పోతున్నప్పుడు డ్రమ్ములో వణికే నీళ్లు. నాది అని చెప్పుకోవడానికి నాకు రోజులో దొరికేది అంతే. అన్నం ఉడికేలోపు, నల్లా ఆగేలోపు. ఆ కాసేపట్లో నన్నెవరూ పిలవకపోతే, ఒక ఫోటో.

అత్త మొదట్లో ఊరుకోలేదు. "ఓ పిల్లా, గా ఉడుత నీకేమన్న చుట్టమా? పప్పు మాడుతాంది చూడు" అనేది. "చదువుకున్న కోడలు కావాలంటిమి, గిట్ల తొండల ఎంబడి తిరుగుతదనుకోలే" అని పక్కింటి చిన్నవ్వతో గోడ మీంచి చెప్పేది, నాకు వినపడేటట్టు. మా ఆయన నవ్వేవాడు. "మా ఇంట్ల జంతువుల డాక్టరున్నది" అని ఫోన్లో దోస్తులకు చెప్పేవాడు.

కానీ దారం ముక్కలను మొదట గమనించింది అత్తే.

చీరలకు దారాలు కత్తిరించాక రోజూ గుప్పెడు రంగు ముక్కలు మిగులుతాయి. ఊడ్చి పారేసేదాన్ని. ఒకరోజు ఆమె చీపురు పట్టుకున్న నా చేతిని ఆపింది. "పారెయ్యకు. గవి తీస్కపోతాంది" అంది. ఏమిటని చూస్తే, తోక నిక్కబొడుచుకొని, బొటనవేలంత ఆకుపచ్చ పిట్ట ఒకటి. మా చీరల గులాబీ రంగు దారాన్ని ముక్కున పట్టుకొని బాదం మొక్కలోకి దూరింది. ఒక వెడల్పాటి ఆకును దొన్నెలా మడిచి, అంచులకు ముక్కుతో చిల్లులు పొడిచి, ఆ దారంతో కుడుతోంది. నిజంగా కుట్లే. గులాబీ రంగు పాలిస్టర్ కుట్లు. హారతి చప్పట్లు కొట్టింది. "మమ్మీ, అది దరజీడో! మా టీచర్ పుస్తకంలో చూపించింది." గుజరాతీలో దర్జీపిట్టకు అదే పేరట. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "దర్జీ గిర్జీ కాదు. నూలు పనిది, మనోళ్ల పిట్టనే. సూరత్‌కు బత్క వచ్చింది. పాపం, దీనికీ ఇంట్లనే పని."

ఆ రోజు నుంచి ఆమె దారాలను పిట్ట మోయగలిగినంత పొట్టిగా కత్తిరించి గోడ మీద పెట్టేది. ఎవరూ చెప్పలేదు. నాతో కూడా అనలేదు.

ఒక పొద్దున పిట్ట ఆకు దొన్నెలోంచి తల బయటపెట్టి ఉంది. పక్క కొమ్మ అడ్డం వచ్చి ఆకు మీద ఎండ పడటంలేదు. నేను ఫోన్ పట్టుకొని అటూ ఇటూ వంగుతుంటే, బండ దగ్గర బట్టలుతుకుతున్న అత్త లేచింది. పొద్దంతా ఆమె అక్కడే ఉంటుంది కాబట్టి పిట్టకు ఆమెతో బెదురు లేదు. సబ్బు చెయ్యి కొంగుకు తుడుచుకొని, కొమ్మను మెల్లగా పట్టి పక్కకు లాగి నిలబడింది. ఎండ ఆకు మీద పడింది. కుట్లు మెరిశాయి.

"అత్తా, జర ముందుకు జరుగు. నువ్వు కూడా వస్తవు."

"నా మొకమేం ఫోటోనే. పిట్టను తియ్యి." మొహాన్ని తలుపు రెక్క చాటుకు తిప్పుకుంది. "తీసినవా? చెయ్యి గుంజుతాంది."

"ఇంకొక్కటి."

"అన్నం పొంగుతాంది పిల్లా."

"పొంగనీ అత్తా."

ఆ మాట ఇద్దరం విన్నాం. ఆ ఇంట్లో అటువంటి మాట అంతకుముందు నేను అనలేదు, ఆమె వినలేదు. ఆమె కొమ్మ వదల్లేదు. అన్నం పొంగింది. పొయ్యిని తర్వాత ఇద్దరం కలిసి తుడిచాం.

ఆమె వద్దంటే నేను వినేశాను. ఇప్పుడు అదే బాధ. అత్తలు వద్దంటే వినాలని నేర్చుకొని వచ్చినదాన్ని. తర్వాత కూడా చాలాసార్లు అడిగాను. ప్రతిసారీ కొంగు మొహానికి అడ్డం. "నల్లా వచ్చింది, బిందె వట్టు" అనేది. "బొమ్మ మంచిగ రాది, ముడతలు" అనేది. ఒకసారి మాత్రం, "నన్ను ఇప్పటిదాక ఎవలు చూసిన్రని, ఇప్పుడు ఫోటోల చూస్తరు" అంది, నవ్వుతూనే. నేను కూడా నవ్వాను. నవ్వాల్సిన మాట కాదని ఆలస్యంగా తెలిసింది.

ఆ పిట్ట ఫోటోను మా ఇంటివాళ్ల వాట్సాప్ గుంపులో పెట్టాను. మా ఆయన పల్సానాలో చీరల ప్రింటింగ్ మిల్లులో మిషన్ నడుపుతాడు. ఆ ఫోటోను అక్కడ డిజైన్లు వేసే జిగ్నేశ్‌భాయ్‌కి చూపించాడు. గులాబీ దారంతో కుట్టిన ఆకు, అందులో పిట్ట. జిగ్నేశ్‌భాయ్ మిల్లు యజమాని సేఠ్‌కి చూపించాడు. ఎవరు తీశారని అడిగితే మా ఆయన, "మేరా హై", నాదే, అన్నాడట. ఆ సాయంత్రం మిఠాయి డబ్బాతో వచ్చాడు. సేఠ్ భుజం తట్టాడని, సూపర్‌వైజర్‌ని చేస్తానన్నాడని చెప్పాడు.

"నేను తీసిందని చెప్పలేదా?" అన్నాను.

"నువ్వేంది, నేనేంది? ఒక్క ఇంట్లదే గద. ఫోన్ ఎవలిదే అసలు?" అని నా నోట్లో పేడా పెట్టాడు. తియ్యగానే ఉంది. మింగేశాను.

కొన్ని వారాలకు హంసాబెన్ ఎప్పటిలా మూటలు దింపి వెళ్లింది. విప్పితే, లేత పసుపు జార్జెట్ మీద వరుసగా ఆకులు, ఆకుల్లో పిట్టలు. కొంగు నిండా నా పిట్టే. పిట్ట కంటి దగ్గర చిన్న చుక్క, అక్కడ స్టోన్ అతికించాలి. మా వాడాలోంచి వెళ్లిన పిట్ట పల్సానా దాకా పోయి, అచ్చయి, కన్ను పెట్టించుకోవడానికి మళ్లీ నా ఒడిలోకే వచ్చింది. ఆ పిట్టలన్నిటికీ నేనే కళ్లు పెట్టాను. గమ్ము వేలికి అంటుకుంటూ ఉంది, ఒక చీర తర్వాత ఒక చీర.

అత్త ఎదురుగా కూర్చొని దారాలు కత్తిరిస్తోంది. చీరను కళ్ల దగ్గరికి తెచ్చుకొని చాలాసేపు చూసింది. వేలితో ఆకు మీద కుట్లు తడిమింది. వేలు ఆకు పక్కకు జరిగింది, అక్కడ ఆగింది.

"మన పిట్టనే గదనే ఇది?"

"అవునత్తా."

"మరి నా చెయ్యేది?"

అప్పుడే అన్నానికి కూర్చున్న మా ఆయన పకపకా నవ్వాడు. "చీర మీద ముసలిదాని చెయ్యి పెడితే ఎవలు కొంటరే అవ్వా? గది కోసేసిన్రు."

ఆమె కూడా నవ్వింది. కొడుకు ముందు ఎప్పుడూ నవ్వుతుంది. తర్వాత చేతిలోని కత్తెర కింద పెట్టి, లేచి, కొడుకు కంచంలో ఇంకొంచెం కూర వేసింది.

వానలు మొదలయ్యాక ఆమెకు జ్వరం వచ్చింది. తగ్గింది, మళ్లీ వచ్చింది. దవాఖానాలో కూడా, గోడ మీద దారాలు తడుస్తున్నాయేమో చూడమంది. తడిసినా ఏం కాదని, పిట్ట గూడు ఎప్పుడో వదిలేసిందని, పిల్లలు ఎగిరిపోయాయని నేను చెప్పాను. "మల్ల వస్తయి. పెట్టు" అంది. అదే ఆమె నాకు చెప్పిన చివరి పని.

ఫోటో సంగతి చివరికి స్టూడియోవాడు తేల్చాడు. ఆధార్ కార్డు మీది మొహాన్ని తీసి, ఎవరిదో పట్టుచీర కట్టుకున్న ఒంటికి అతికించి, మెడలో కాసులపేరు వేసి, వెనక నీలి తెర పెట్టాడు. పెదాలకు రంగు కూడా. ఆధార్ తీసిన రోజు ఆమె భయపడి గుడ్లు మిటకరించింది. ఆ కళ్లు ఆ నగల మధ్యలోంచి, ఎవరో తన సొత్తు కానిది తన మీద వేసి పట్టించినట్టు చూస్తున్నాయి. మా ఆయన మురిసిపోయాడు. "చూసినవా, అవ్వ ఎంత మంచిగున్నదో" అన్నాడు. హారతి దూరం నుంచే చూసి, "ఇది బాపమ్మ కాదు" అంది. దాని నెత్తిన ఒక మొట్టికాయ పడింది.

పిట్టకు పెట్టే రోజున వాడా గోడ మీద విస్తరి పరిచారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వడ్డించి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూడాలి. ముట్టకపోతే వాళ్ల కోరిక ఏదో మిగిలిపోయిందని అర్థం. మగవాళ్లు ముందు వరుసలో, ఆడవాళ్లం వెనక, వంటగది గుమ్మంలో. కాకి రాలేదు. రైలు వెళ్లింది. గట్క మీద పొర కట్టింది.

అప్పుడు గోరింక వచ్చింది. రోజూ వచ్చేదే. అత్త పొద్దున్నే నాలుగు మెతుకులు వేస్తే తినిపోయే జంటలో ఒకటి. పసుప్పచ్చటి కాళ్లతో గోడ మీద నడుస్తూ విస్తరి దాకా వచ్చింది.

"హుష్! కొట్టుండ్రి దాన్ని! గోరింక ముట్టద్దు, కాకి ముట్టాలె." మా ఆయన చిన్నాన్న రాములు చప్పట్లు కొట్టాడు. ఇంకెవరో తువ్వాలు విసిరారు. అది రైలు పట్టాల మీదికి ఎగిరిపోయింది. దానికి ఎవరు అన్నం పెట్టేవారో అక్కడున్న మగవాళ్లలో ఒక్కరికీ తెలియదు.

తర్వాత కోరికలు వెతకడం మొదలైంది. "వదినా, కల్లు తెప్పిస్తం, ముట్టు" అన్నాడు రాములు మామ. "అవ్వా, హారతి లగ్గం ధూంధాంగ చేస్త" అన్నాడు మా ఆయన. "అవ్వకు కాశికి పోవాలని ఉండె గావచ్చు" అని ఎవరో. కాశీ పేరు ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. ఇంతమంది, ఇన్నేళ్ల తర్వాత, ఆమెకు ఏం కావాలో మొదటిసారి ఆలోచిస్తున్నారు, అదీ కాకి కోసం.

అప్పుడే మిల్లు నుంచి జిగ్నేశ్‌భాయ్ వచ్చాడు. పద్ధతిగా దండం పెట్టాడు. వాడా చుట్టూ చూసి, డ్రమ్ములో బాదం మొక్క కనపడగానే ఆయన కళ్లు విప్పారాయి. "అరే పరుశురాంభాయ్! ఏ వహీ ఝాడ్ హై? జిస్‌కా ఫోటో ఆప్‌నే లియా థా?" ఈ చెట్టేనా మీరు ఫోటో తీసింది అని. మా ఆయన తల ఊపాడు. ఊపడం కూడా సగమే.

నా చేతికి పిండి ఉంది. చెయ్యి కడుక్కున్నాను. వంటగది గూట్లోంచి ఫోన్ తీసుకొని మగవాళ్ల వరుస దాటి ముందుకు వెళ్లాను. హిందీలోనే అన్నాను, మావాళ్లకూ అర్థమయ్యేలా మెల్లగా. గొంతు పెంచలేదు.

"భాయ్, ఆ ఫోటోలో మా అత్త చెయ్యి ఉండేది. మీరు కోసేశారు. నేను తీసిన అన్ని ఫోటోల్లో ఆమెది మిగిలింది ఆ చెయ్యి ఒక్కటే."

కోయని ఫోటో తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన చూశాడు, తర్వాత మా ఆయన వైపు చూశాడు, తర్వాత కింద బండ వైపు. ఫోన్‌ను సంతోషి లాక్కుంది. ఊళ్లో బీడీలు చుట్టి, ఇక్కడ నూలు కండెలు చుట్టి అరిగిపోయిన అత్త వేళ్లవి. రేషన్ దుకాణంలో మిషన్ ఆ వేళ్లను ఏనాడూ గుర్తుపట్టలేదు, వేలు పడటంలేదని తిప్పి పంపేవారు. సంతోషి ఒక్క చూపులో గుర్తుపట్టింది.

"అయ్యో, మా అవ్వ చెయ్యి! గా పొయ్యిల కాలిన మచ్చ సుత ఉన్నది. నాకు నెత్తి దువ్వే చెయ్యి" అని ఫోన్‌ను గుండెకు అదుముకొని ఏడ్చింది. చిన్నవ్వ గోడ అవతలి నుంచి చెయ్యి చాపింది. హారతి నా కొంగు కింద నుంచి దూరింది. ఒకరి మీద ఒకరు వంగి అందరూ ఆ చిన్న పగిలిన అద్దంలోకి చూశారు. ఎన్నో ఏళ్లు అదే బండ దగ్గర, అదే వాడాలో కళ్ల ముందు తిరిగిన చేతిని.

తలలెత్తి చూసేసరికి విస్తరి చెదిరి ఉంది. గట్క ముద్ద సగం లేదు. ఏ పిట్ట ముట్టిందో ఎవరూ చూడలేదు. కాకే అని మగవాళ్లు తీర్మానించారు.

చుట్టాలు వెళ్లిపోయాక మా ఆయన అన్నాడు. "గందరి ముంగట నా ఇజ్జత్ తీస్తివి గద. జిగ్నేశ్‌కు రేపు ఏం మొకం చూపెట్టాలె?" నేను గిన్నెలు తోముతున్నాను. "నీ మొకం ఉన్నది గద, చూపెట్టనీకి" అన్నాను.

మర్నాడు స్టూడియోకి వెళ్లి ఆ ఫోటోను కోయకుండా, అదే సైజు ఫ్రేములో కట్టించాను. "చెయ్యికి ఎవలన్న దండేస్తరానే?" అన్నాడు మా ఆయన, కానీ ఈసారి నవ్వలేదు. మేకు నేనే కొట్టాను, పట్టుచీర ఫోటో పక్కనే. దండను రెండింటికీ కలిపి వేశాను. తర్వాత వాడాలోకి వెళ్లి, కొత్త దారాలు పొట్టిగా కత్తిరించి గోడ మీద పెట్టాను. హంసాబెన్ మళ్లీ అదే చీరల మూట తెచ్చినప్పుడు, ఇవి వద్దు, వేరేవి తెమ్మన్నాను. ఎందుకని ఆమె అడిగింది. ఈ ఫోటో నేను తీశాను బెన్, అందుకని, అన్నాను. ఆ మాట బయటి మనిషితో అనడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. అత్త ఉన్నప్పుడే అని ఉంటే, దారాలు కత్తిరిస్తూ ఆమె ఏమనేదో. పప్పు మాడుతాంది చూడు అనేదేమో.

ఆ చీరలు చాలా ఊళ్లకు వెళ్లాయి. మీ ఊరి దుకాణానికి కూడా వచ్చి ఉంటాయి. లేత పసుపు జార్జెట్, కొంగు మీద గులాబీ దారంతో కుట్టిన ఆకు, ఆకులో పిట్ట, కంట్లో ఒక మెరుపు. మీ బీరువాలో ఉంటే ఒకసారి తీసి చూడండి. ఆకు పక్కన కొంచెం చోటు ఖాళీగా ఉంటుంది. పిట్ట మీద ఎండ పడాలని, అన్నం పొంగిపోతున్నా కొమ్మను వదలకుండా ఒకామె పట్టుకొని నిలబడిన చోటు అది. అక్కడ మీ వేలు ఆనించి, మా అత్త లింగవ్వను ఒక్కసారి తలుచుకోండి.